కీడును దేవుడు ఎందుకు ఆపడు? సంఘాలలో వినిపించే ఐదు జవాబులలో ఏది మేలు?

దేవుడు మంచివాడు, ఆయన సర్వశక్తుడు, అయినా లోకంలో కీడు ఉంది. ఈ మూడింటినీ ఒకేసారి ఎలా నమ్మగలమన్న ప్రశ్న క్రైస్తవ్యం కంటే పాతది. గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ అడిగినదిగా దానిని నాలుగో శతాబ్ది తొలినాళ్ళలో లాక్టాన్షియస్ అనే క్రైస్తవ రచయిత ఉదహరించి, తనకు తోచిన జవాబు చెప్పాడు. కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాల సంఘాలలో ఇది తత్వశాస్త్రపు ప్రశ్నగా తలెత్తదు. మరణం జరిగిన ఇంట పెట్టుకునే ఆదరణ కూడికలో, వాన రాని ఏట పెట్టుకున్న ఉపవాస ప్రార్థనలో, తాగుడుకు బానిసైన కొడుకు కోసం తల్లి రాసి ఇచ్చే ప్రార్థన మనవిలో తలెత్తుతుంది. దానికి అక్కడ దొరికే జవాబులు ప్రధానంగా ఐదు: ఇది పాపానికి శిక్ష, ఇది మనుషుల స్వేచ్ఛకు చెల్లించే మూల్యం, ఇది దేవుడిచ్చే శిక్షణ, ఇది మనకు అంతుపట్టని దేవుని చిత్తం, ఇది సిలువ మీద దేవుడు తానూ మోసిన బాధ. వీటిలో ఏది మేలో తేల్చుకోవడానికి ఏది తర్కానికి నిలుస్తుందో చూస్తే సరిపోదని, ఏ మాట ఎవరి నోట నిలుస్తుందో కూడా చూడాలని నా అభిప్రాయం. బాధపడినవాడు తన గురించి చెప్పుకున్నప్పుడు సాక్ష్యమయ్యే మాటే, బాధపెట్టినవాడు చెబితే దైవదూషణ అవుతుంది.

తూచి చూడడానికి ఈ నేల మీద జరిగిన ఒక ఉదంతాన్ని తీసుకుంటాను. 1876లో మొదలై 1878 దాకా సాగిన ధాత కరువు మద్రాసు రాజధానిలో (అంటే బ్రిటిష్ వారి మద్రాసు ప్రెసిడెన్సీలో) ఘోరంగా దెబ్బతీసిన ప్రాంతాలలో కర్నూలు, కడప జిల్లాలు, అప్పటికి అనంతపురం కూడా కలిసి ఉన్న బళ్ళారి జిల్లా ఉన్నాయి. వానలు తప్పాయి, పసిఫిక్ మహాసముద్రంలో ఏర్పడిన బలమైన ఎల్ నినో అందుకు కారణమని ఇప్పటి వాతావరణ శాస్త్రం చెబుతోంది. కథ అంతటితో ఆగితే అది ప్రకృతి చేసిన కీడు. అయితే ఆ ఏళ్ళలో దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానిపై ఒక అణా చాలునని 1877 ఆరంభంలో, కరువు వ్యవహారాలు చూడడానికి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం పంపిన అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. అది మనిషిని నిలబెట్టే కొలత కాదని మద్రాసు శానిటరీ కమిషనర్ (ప్రజారోగ్య అధికారి) కార్నిష్ గట్టిగా వాదించిన మీదట కొన్ని నెలలకు దానిని పెంచవలసి వచ్చింది. ఆ కరువు వెన్నంటే ఈ సీమలోనూ దాని పొరుగునా దళిత కుటుంబాలు గుంపులు గుంపులుగా సంఘాలలో చేరాయి. ఒంగోలు ప్రాంతంలో 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాన లేమి, మనిషి కాఠిన్యం, దేవుడు మేలు చేశాడన్న సాక్ష్యం, ఈ మూడూ ఇక్కడ ఒకే ముడిలో ఉన్నాయి. ఏ జవాబైనా ఈ మూడింటికీ ముఖం చూపించగలగాలి.

శిక్ష అన్న జవాబు దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు. ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయం అవిధేయతకు కరువును శాపంగా చెప్పిన మాట నిజమే. కానీ అది ఒక జనాంగానికి ముందుగా ఇచ్చిన హెచ్చరిక. జరిగిపోయిన విపత్తు నుంచి వెనక్కి లెక్కగట్టి, ఫలానా ఇంటివారి పాపం ఇదని తేల్చే అధికారం అందులో ఎవరికీ లేదు. నీతిమంతుడై ఉండీ సర్వం పోగొట్టుకున్న యోబు విషయంలో అతని స్నేహితులు చేసింది సరిగ్గా ఆ పనే, చివరికి దేవుని కోపం వారి మీదే రగిలింది. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది యెరూషలేములో ఉన్న అందరికంటే అపరాధులా అని యేసు అడిగి, కారని తానే చెప్పాడు. పుట్టుగుడ్డివాని విషయంలో వాడూ పాపం చేయలేదు, వాని కన్నవారూ చేయలేదు అన్నాడు. ఇంత స్పష్టంగా ఉన్నా మన పల్లెల్లో ఈ జవాబు బతికి ఉండడానికి కారణం బైబిలు కాదనుకుంటాను. ‘ఏ జన్మలో ఏ పాపం చేసుకున్నామో’ అన్న పాత నిట్టూర్పు జన్మను బయట వదిలి, పాపాన్ని మాత్రం వెంటబెట్టుకుని మందిరంలోకి వచ్చింది. ధాత కరువులో ముందుగా రాలిపోయినవారు కూలివాళ్ళు, వాళ్ళ పిల్లలు. శిక్ష అంటే మద్రాసు రాజధానిలోని పాపమంతా వాళ్ళ గుడిసెల్లోనే పోగుపడిందని చెప్పవలసి వస్తుంది.

స్వేచ్ఛ అన్న జవాబు అంత సులువుగా కొట్టివేయదగినది కాదు. దానికి పునాది వేసిన అగస్టీను (354–430) యౌవనంలో సుమారు తొమ్మిదేళ్ళు మనీకేయుల మధ్య గడిపి, కీడు దేవునితో పోరాడే మరో స్వతంత్ర శక్తి అన్న వారి బోధను కాదని బయటికి వచ్చినవాడు. కీడుకు తనదైన ఉనికి లేదని, అది మేలు లోపించిన స్థితి అని, మంచివిగా సృష్టించబడిన జీవులు తమ ఇష్టాన్ని దేవుని వైపు నుంచి తిప్పుకోవడంలోనే అది మొదలైందని ఆయన బోధించాడు. ఎప్పుడూ మేలునే స్వేచ్ఛగా ఎంచుకునే మనుషులను సర్వశక్తుడు సృష్టించి ఉండవచ్చు కదా అని 1955లో జె. ఎల్. మాకీ అనే తత్వవేత్త నిలదీశాడు. దానికి 1970ల నాటికి ఆల్విన్ ప్లాంటింగా అనే క్రైస్తవ తత్వవేత్త పూర్తి రూపం ఇచ్చిన సమాధానం ఏమిటంటే, ఎంపికను ముందే బిగించి పెడితే అది ఎంపిక కాదు గనుక, స్వేచ్ఛ గల జీవులు ఉన్న లోకం కీడు లేకుండా ఉంటుందా లేదా అన్నది ఒక్క దేవుని నిర్ణయం మీదే ఆధారపడకపోవచ్చు. కీడు ఎందుకు ఉందో ఇది నిరూపించదు. దేవుడూ కీడూ ఉన్నారనడం పరస్పర విరుద్ధం కాదని మాత్రమే చూపుతుంది.

తర్కం సంగతి అలా ఉంచి, రాయలసీమలో ఈ జవాబుకు ఒక ప్రత్యేకమైన విలువ ఉంది. తండ్రి హత్యకు కొడుకు, కొడుకు హత్యకు మనవడు బదులు తీర్చుకుంటూ వచ్చిన ఫ్యాక్షన్ గ్రామంలో ‘అంతా పైవాడి నిర్ణయం’ అన్న మాట వల్ల అన్నిటికంటే ఎక్కువ లాభపడేవాడు వేటకొడవలి పట్టినవాడే. స్వేచ్ఛ అన్న జవాబు అతనికి ఆ చాటును దక్కనివ్వదు. చంపినవాడు చంపకుండా ఉండగలిగేవాడని అతని ముఖం మీదే చెబుతుంది. టెంపుల్ కొలత విషయంలోనూ అంతే. కొన్ని నెలలకు దానిని పెంచగలిగారంటేనే మొదటి రోజున పెంచగలిగేవారని అర్థం. చేసిన కీడును చేసినవాని పేరునే రాసి ఉంచడం న్యాయానికి తొలి మెట్టు గనుక, మనుషులు చేసిన కీడు వరకు ఇంతకు మించిన జవాబు నాకు కనిపించదు.

దాని లోపాలు వానతో మొదలవుతాయి. మేఘానికి స్వేచ్ఛ లేదు. పతనమైన దూతల స్వేచ్ఛ వల్ల ప్రకృతి చెడిందని కొందరు అంటారు; తర్కానికి దానిలో అడ్డు లేదు గానీ, ఎల్ నినోను దయ్యాల లెక్కలో వేయడానికి నాకు మనసొప్పదు. ప్రకృతి కీడుకూ మనిషి కీడుకూ మధ్య గీత మనం అనుకున్నంత స్పష్టంగా లేదన్నది మాత్రం ఒప్పుకోవాలి. అనంతపురం ప్రాంతంలో ఎముకలు వంకరపోయిన పిల్లల దేహంలోని ఫ్లోరైడ్ రాతిలో సహజంగా ఉన్నదే, కానీ చెరువులు ఎండి, బోర్లు లోతు నుంచి లోతుకు దిగాక అది ఎక్కువగా గొంతులోకి వచ్చింది. రెండో లోపం ఇంకా పదునైనది. ఒకరి స్వేచ్ఛకు మూల్యం ఇంకొకరు చెల్లిస్తున్నారు. నిర్ణయించే స్వేచ్ఛ అధికారిది, చచ్చిపోయింది కూలివాడు. స్వేచ్ఛ అంత అమూల్యమైనదైతే చచ్చిపోయినవాని స్వేచ్ఛ లెక్కకు రాలేదెందుకన్న ప్రశ్నకు ఈ జవాబులో చోటు లేదు.

శిక్షణ అన్న జవాబును రెండో శతాబ్దంలో ఇప్పటి ఫ్రాన్సులోని లియోను బిషప్పుగా ఉన్న ఇరేనియస్ దాకా తీసుకుపోవచ్చు. మనిషి పూర్ణుడిగా కాక ఎదగవలసిన పసివానిగా సృష్టించబడ్డాడని ఆయన భావన. ఇరవయ్యో శతాబ్దంలో జాన్ హిక్ అనే తత్వవేత్త దీనిని విస్తరించి, అపాయమూ కొరతా లేని లోకంలో ధైర్యం, ఓర్పు, కనికరం అన్నవి పుట్టనే పుట్టవని, లోకం సుఖవాసంగా కాక ఆత్మలు రూపుదిద్దుకునే చోటుగా ఉద్దేశించబడిందని వాదించాడు. శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేస్తుందన్న రోమా పత్రిక మాట దీనికి ఆధారం. స్వేచ్ఛ అన్న జవాబు వాన దగ్గర ఆగిపోతే, ఇది వానను కూడా కలుపుకుపోతుంది. సాక్ష్యాలలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించేదీ ఇదే. ఆ జబ్బు రాకపోతే నేను ప్రభువును ఎరిగి ఉండేవాడిని కాదు, ఆ ఏడు బుడ్డల (వేరుశనగ) పంట పోకపోతే నా గర్వం అణిగేది కాదు అని చెప్పేవారి మాటను నేను ఏనాడూ తేలికగా తీసుకోలేదు.

అయితే ఈ జవాబుకు ఆధారంగా ఎప్పుడూ చెప్పే యోసేపు కథను కాస్త నిదానంగా చదవాలి. మీరు నాకు కీడు చేయాలనుకున్నారు, దేవుడు దానిని మేలుకే ఉద్దేశించాడు అని ఆదికాండము 50వ అధ్యాయంలో అన్నది యోసేపు. పదిహేడేళ్ళ వయసులో అన్నల చేతిలో బానిసగా అమ్ముడుపోయి, తర్వాత ఐగుప్తులో అధికారి అయినవాడు ఆ మాట అనేనాటికి, ఆ గ్రంథంలోని వయసులనే కూడితే, యాభై దాటాడు. గోతిలో ఉండి ఆ మాట అనలేదు, చెరసాలలో అనలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, అతని అన్నలు ఆ మాట అనలేదు. దోతానులో తమ్ముణ్ణి ఇరవై వెండి నాణేలకు అమ్ముతూ ‘దేవుడు దీనిని మేలుకే ఉద్దేశించాడు లేరా’ అని యూదా అని ఉంటే, అక్షరాలు అవే అయినా ఆ మాట అబద్ధమై ఉండేది. ఆ మేలు ఏమిటో కూడా యోసేపు గాలికి వదల్లేదు. అనేకులు ప్రాణాలతో మిగలడమే ఆ మేలు, దానికోసం ఏడేళ్ళు ధాన్యం కొట్లలో నిలవ చేయబడింది. (అదే యోసేపు 47వ అధ్యాయంలో ఆకలిగొన్న ఐగుప్తీయుల పశువులను, భూములను ఫరో పరం చేసిన సంగతి మాత్రం ప్రసంగాలలో వినపడదు.)

ఇప్పుడు ధాత కరువు దగ్గరకు వద్దాం. ఆ కరువు తర్వాత సంఘంలో చేరిన కుటుంబాల మనవళ్ళు ‘దేవుడు మమ్మల్ని ఆ చీకటిలోనుంచే పిలిచాడు’ అంటే అది యోసేపు మాట, దానికి వారు హక్కుదారులు. అదే మాటను సంఘ చరిత్ర చెప్పేవాడు కాస్త మార్చి ‘సంఘం పెరగడానికే దేవుడు కరువు పంపాడు’ అంటే, లక్షల మంది ఆకలిచావును కొన్ని వేల బాప్తిస్మాలకు పెట్టుబడిగా చూపించినట్లవుతుంది. ఆ నాటి మిషనరీలలో ఈ ప్రమాదాన్ని గుర్తెరిగినవారు లేకపోలేదు. ఒంగోలులో జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో ఒక భాగపు తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు గానీ, సాయం అందుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. ఆకలిని దేవుని సాధనంగా వాడుకోవడానికి ఆయనకు చెయ్యి రాలేదన్నమాట. శిక్షణ అన్న జవాబుకు ఇంతకంటే మంచి విమర్శ నేను చదవలేదు. ఇక, పాలు దొరకక చనిపోయిన పసిబిడ్డకు దొరికిన శిక్షణ ఏమిటన్న ప్రశ్న ఉండనే ఉంది. ఆ శిక్షణ మరణం తర్వాత కూడా కొనసాగుతుందని హిక్ అన్నాడు. ఆ ఆశను కాదనను గానీ, అక్కడికి చేరాక ఇది వివరణగా కాక వాగ్దానంగా మారుతుంది.

దేవుని చిత్తం అన్న జవాబును గంభీరంగా పట్టుకున్నవాడు పదహారో శతాబ్దపు ప్రొటెస్టంట్ సంస్కర్త కాల్విన్. దేవుడు కీడును కేవలం అనుమతిస్తాడే గాని సంకల్పించడు అన్న తేడాను ఆయన సాకుగా భావించి ఒప్పుకోలేదు. ‘సమాధానమును కలుగజేయువాడను కీడును కలుగజేయువాడను నేనే’ అన్న యెషయా 45వ అధ్యాయపు మాట ఆ పక్షాన ఉంది. ఏదీ దేవుని చెయ్యి దాటిపోలేదన్న ధైర్యం ఇందులో దొరుకుతుంది, అది చిన్నది కాదు. మన భూస్థాపన ఆరాధనలలో ‘యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను, యెహోవా నామమునకు స్తుతి కలుగునుగాక’ అన్న యోబు మాట అందుకే చదువుతారు. చిక్కు ఏమిటంటే, అది మొదటి అధ్యాయంలోని మాట, గ్రంథంలో 42 అధ్యాయాలు ఉన్నాయి. మూడో అధ్యాయంలోనే యోబు తాను పుట్టిన దినాన్ని శపిస్తాడు, 31వ అధ్యాయం ముగిసేదాకా దేవునితో వ్యాజ్యెం ఆడుతూనే ఉంటాడు. దేవుడు సుడిగాలిలోనుంచి మాట్లాడినప్పుడు కూడా కారణం చెప్పడు, యోబును పరీక్షించడం గురించి మొదట్లో సాతానుతో జరిగిన సంభాషణను ప్రస్తావించడు. భూమికి పునాదులు వేసినప్పుడు నీవెక్కడ ఉన్నావని అడుగుతాడు. చివరికి మాత్రం, దేవుని పక్షాన వాదించిన స్నేహితులు కాక, దేవునితో వాదించిన యోబే యుక్తంగా పలికాడని తీర్పు చెబుతాడు. చిత్తం అన్న జవాబును పూర్తిగా పాటించాలంటే ఏడ్చేవారిని ఏడవనివ్వాలి, నిలదీసేవారిని నిలదీయనివ్వాలి. మనం సాధారణంగా మొదటి అధ్యాయం చదివి, ఏడుపు ఆపమంటాం.

సిలువ అన్న జవాబు మిగతావాటితో ఒకే వరుసలో కూర్చోదు, ఎందుకంటే అది ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు సూటిగా బదులివ్వదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికుడిగా పట్టుబడి బందీ శిబిరాలలో గడిపిన యుర్గెన్ మోల్ట్‌మన్ తర్వాత దీనినే తన వేదాంతానికి కేంద్రం చేసుకున్నాడు: దేవుడు బాధకు అవతల కూర్చుని అనుమతులు ఇచ్చేవాడు కాదు, కుమారునిలో విడువబడినవాని స్థానంలో నిలిచినవాడు. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను ధ్యానించే శుభ శుక్రవారపు ఆరాధనలో నాలుగో మాట, ‘నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి’ అన్నది, ఒక ప్రశ్న. దానికి ఆ మధ్యాహ్నం జవాబు రాలేదు. ఈ పక్షానికి ఎదురయ్యే ఆక్షేపణ సామాన్యమైనది కాదు: మునిగిపోతున్నవానితో పాటు తానూ మునిగేవాడి వల్ల ఏం ప్రయోజనం? పునరుత్థానం లేకుండా సిలువను మాత్రమే చెబితే ఈ ఆక్షేపణకు బదులు లేదన్నది నిజం. మూడో దినం లేని సానుభూతి నిరీక్షణ కాదు.

ఒకటే ఎంచుకోమంటే నేను సిలువనే ఎంచుకుంటాను, దానికి కారణం అది అన్నీ వివరిస్తుందని కాదు. వాన ఎందుకు తప్పిందో అది చెప్పదు. దానిని కూడా కలుపుకునే ఒకే సూత్రం కావాలంటే కాల్విన్ దగ్గరకే పోవాలి, ఆ సూత్రాన్ని బిడ్డ పోయిన తల్లి ముందు పలకడానికి నాకు నోరు రాదు. సిలువ మాట మాత్రం ఎవరి నోటనైనా నిలుస్తుంది. బాధితుడు అనవచ్చు, బాధితునితో అనవచ్చు, హంతకునితో కూడా అనవచ్చు. పెంతెకొస్తు దినాన పేతురు చేసింది అదే: దేవుని సంకల్పం ప్రకారమే యేసు అప్పగించబడ్డాడని ఒప్పుకుంటూనే, ఆ వాక్యం ముగియకముందే ‘మీరు చంపితిరి’ అని ఎదుట ఉన్నవారి మీద నేరం మోపాడు. దేవుని చిత్తమూ మనిషి స్వేచ్ఛా రెండూ అక్కడ ఉన్నాయి, ఒకటి రెండోదానికి సాకు కాలేదు. దాని తర్వాతి స్థానం స్వేచ్ఛకు, ముఖ్యంగా సంఘం న్యాయం గురించి మాట్లాడవలసిన చోట. శిక్షణను సాక్ష్యం చెప్పేవారికే వదిలేయాలి.

శోధన, అంటే తప్పు చేయమని లాగే పరీక్ష, విషయంలో మాత్రం ఈ వరుస మారుతుంది. కరువు మన మీద పడుతుంది. శోధన మన సమ్మతి అడుగుతుంది. అందుచేత స్వేచ్ఛ, శిక్షణ ఇక్కడ ముందుకు వస్తాయి. దేవుడు అబ్రాహామును పరిశోధించాడని ఆదికాండము 22 చెబుతుంది. దేవుడు ఎవనినీ శోధింపడని, ప్రతివాడూ తన సొంత దురాశ చేత ఈడ్వబడతాడని యాకోబు పత్రిక చెబుతుంది. దావీదు చేసిన జనసంఖ్య ఇంకా విచిత్రమైనది: దావీదును ప్రేరేపించింది యెహోవా అని రెండో సమూయేలు 24వ అధ్యాయం, సాతాను అని మొదటి దినవృత్తాంతములు 21వ అధ్యాయం చెబుతాయి. వీటిని సమన్వయపరిచే దారి మత్తయి 4లో కనిపిస్తుంది. యేసును అరణ్యానికి నడిపించింది ఆత్మ, శోధించింది అపవాది. సందర్భం ఒకటే, ఉద్దేశాలు రెండు. నిలబెట్టాలని ఒకరు, పడగొట్టాలని ఇంకొకరు. కనుక సారా దుకాణం ముందు నిలబడినవాడు ‘దేవుడే నన్ను ఇక్కడికి తెచ్చాడు’ అనడానికి వీల్లేదు, అదే సమయంలో దేవుడు అక్కడ లేడని కూడా అనడానికి వీల్లేదు.

శిక్షణ అంత మంచిదైతే శోధనను కోరుకోవచ్చు కదా అన్న వాదనకు ప్రభువు ప్రార్థనే అడ్డు. ‘మమ్మును శోధనలోకి తేకుము’ అని అడగమని నేర్పినవాడు, శోధనను జయించి వచ్చినవాడే. సంఘంలో పూర్తి సభ్యత్వానికి పిల్లలను సిద్ధం చేసే కన్ఫర్మేషన్ తరగతుల్లో అబ్రాహాము కథకు ముందే ఈ మనవినీ యాకోబు మాటనూ బోధించడం మంచిది. లేకపోతే దేవుడంటే మనుషులను పరీక్షించి చూసే అధికారి అన్న భావం పిల్లలలో నాటుకుంటుంది.

మరో వాక్యం కూడా తప్పు చోట వాడుకలో ఉంది. సహింపగలిగినంతకంటె ఎక్కువగా దేవుడు మిమ్మును శోధింపబడనియ్యడన్న మొదటి కొరింథీయుల పత్రిక 10వ అధ్యాయపు మాటను, మోయలేని దుఃఖం దేవుడు ఎవరికీ ఇవ్వడన్న అర్థంతో, బిడ్డను పోగొట్టుకున్నవారికి చెబుతుంటారు. మోయలేని దుఃఖాలు ఉన్నాయి, వాటి కింద నలిగిపోయిన మనుషులూ ఉన్నారు. పౌలు అక్కడ మాట్లాడుతున్నది విగ్రహారాధన, జారత్వం, సణుగుడు అన్న శోధనల గురించి. వాటితో పాటు తప్పించుకునే మార్గం కూడా దేవుడు కలుగజేస్తాడన్నది ఆ వాక్యపు రెండో సగం. మరణం నుంచి తప్పించుకునే మార్గం ఆ తల్లికి ఎవరూ చూపలేరు. ఓటుకు డబ్బు, సీసా చేతికి వచ్చే రోజుల్లో, పాత కక్షను గుర్తుచేసే దాయాది ఇంటికి వచ్చిపోయే రోజుల్లో, కాదని లేచి వచ్చే దారి మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆ వాక్యాన్ని ఆదరణ కూడికలలో ఆపి, ఎన్నికల ముందు వారం జరిగే యువజన కూడికలో చదివితే దాని సందర్భానికి దగ్గరగా ఉంటుంది.